ఆపరేటర్ ద్వారా విడుదలయ్యే ఫోన్: విశాఖ దుకాణదారు సరుకు ముందే కొని పెట్టుకోవచ్చా?

గాజువాక దుకాణదారు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. గాజువాకలో మాకు అన్ని కంపెనీల ఫోన్లూ అమ్మే దుకాణం ఉంది. ఉక్కు కర్మాగారం ఉద్యోగులు, అక్కడి కాంట్రాక్టు కార్మికులు, కూర్మన్నపాలెం, అగనంపూడి వైపు ఉండే విద్యార్థులు మా కౌంటర్‌కు ఎక్కువగా వస్తారు. పండుగల సమయంలో అనకాపల్లి, నర్సీపట్నం, పాడేరు నుంచి కూడా కొనేవారు వస్తుంటారు. ఒక టెలికాం ఆపరేటర్ తరఫు డిస్ట్రిబ్యూటర్ ఈ మధ్య మా ముందు ఒక పథకం పెట్టారు. దసరాకు ముందే ఏ సంగతీ తేల్చి చెప్పమంటున్నారు కాబట్టి, ఈ వ్యాపారాన్ని లోపలి నుంచి చూసినవారి అభిప్రాయం తెలుసుకోవాలని రాస్తున్నాను.

పథకం ఇలా ఉంది. బాగా అమ్ముడుపోయే ఒక కంపెనీ కొత్త ఫోన్‌ను మన సర్కిల్‌లో (టెలికాం సంస్థల లెక్కలో మన సేవా ప్రాంతంలో) మొదట ఈ ఆపరేటర్ ద్వారానే విడుదల చేస్తారట. మిగతా దుకాణాలకూ ఆన్‌లైన్‌కూ ఆ తరువాతే ఇస్తారట. కొనేవారు కౌంటర్‌లో 2,000 రూపాయలు కట్టి, పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ తీసుకొని, మిగతా సొమ్మును 24 నెలలపాటు బిల్లుతో కలిపి చెల్లించాలి. ఆ 24 నెలలూ ఆ ఫోన్‌లో ఆ ఆపరేటర్ సిమ్ తప్ప మరొకటి పనిచేయదు. మేము మాత్రం సరుకుకు మొత్తం డబ్బు ముందుగానే కట్టి తీసుకోవాలి. ఫోన్ మార్కెట్ ధర 18,000 రూపాయలు, మాకు పడే ధర 17,300. కనెక్షన్ యాక్టివేట్ అయి, వారి తనిఖీ పూర్తయిన తరువాత మాకు రావలసిన మిగతా సొమ్ము మా ఖాతాలో జమ అవుతుందని చెప్పారు. ఎన్నాళ్లకు అని అడిగితే "త్వరగానే" అన్నారు తప్ప కాగితం మీద ఏమీ లేదు.

మొదటి విడతగా 20 ఫోన్లు తీసుకోమంటున్నారు. పండుగ సీజన్‌లో అందరూ అడిగే ఫోన్ మా కౌంటర్‌లో మాత్రమే ఉండడం చిన్న విషయం కాదని నాకు తెలుసు. అయినా ఆపరేటర్ల ద్వారా ఫోన్లు అమ్మే పద్ధతి మన దగ్గర ఎందుకు నిలదొక్కుకోలేదో అర్థం చేసుకోకుండా డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇంతకుముందు ఇలాంటివి ఎలా నడిచాయి, డిస్ట్రిబ్యూటర్‌ను ఏం అడగాలి, కొనేవారికి ముందుగా ఏం చెప్పాలి? ఆపరేటర్ పేరు కావాలనే రాయడం లేదు, దయచేసి ఊహించి రాయవద్దని కోరుతున్నాను.


సర్కిల్ ఆఫీసు విశ్రాంత ఉద్యోగి

నమస్కారం. మీరు రాసినదాంట్లో అసలు విషయం ఒక్కటే: సరుకు డబ్బు ముందే మీరు కట్టాలి, అది తిరిగి ఎప్పుడు వస్తుందో ఎవరూ రాసి ఇవ్వడం లేదు. ఫోన్ ఎంత మంచిదైనా, పండుగ ఎంత పెద్దదైనా, ఈ ఒక్క అంశం తేలకుండా మిగతావి చర్చించడం వల్ల మీకు ప్రయోజనం ఉండదు.

ఆపరేటర్ ద్వారా ఫోన్ అమ్మడం మన దేశానికి కొత్త కాదు. 2003 జూలైలో రిలయన్స్ ఇన్ఫోకామ్ మాన్‌సూన్ హంగామా పేరుతో 501 రూపాయలకే సీడీఎంఏ అనే సాంకేతిక పద్ధతిలో పనిచేసే ఫోన్ చేతికి ఇచ్చినప్పుడు, ల్యాండ్‌లైన్ కూడా లేని ఇళ్లలోకి మొబైల్ అడుగుపెట్టింది. ఆ ఫోన్లలో సిమ్ మార్చుకునే వీలే లేదు కాబట్టి కొన్నవారు ఆ నెట్‌వర్క్‌లోనే ఉంటారని లెక్క వేశారు. నెట్‌వర్క్ మారలేకపోయినా బిల్లు కట్టడం మానేయవచ్చన్న సంగతి తరువాత తెలిసింది. కట్టని బిల్లులు పేరుకుపోయి, సంస్థ పెద్ద మొత్తాన్ని మొండి బాకీల కింద రాసుకోవలసి వచ్చింది. ఫోన్‌ను తాళం వేయడం వేరు, నెలనెలా డబ్బు రాబట్టడం వేరు అన్నది అప్పటి నుంచీ ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలిసినదే.

రెండో ఉదాహరణ ఐఫోన్. 2008 ఆగస్టు 22న ఐఫోన్ 3జీ మన దేశంలో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ద్వారా విడుదలైంది. 8 జీబీ ఫోన్ ధర 31,000 రూపాయలు, 16 జీబీది 36,100. అదే 8 జీబీ ఫోన్‌ను అమెరికాలో ఏటీ అండ్ టీ రెండేళ్ల ఒప్పందంతో 199 డాలర్లకు ఇచ్చేది. అక్కడ ఆపరేటర్ ఫోన్ ధరలో పెద్ద భాగాన్ని తాను భరించి, నెలవారీ బిల్లులో రాబట్టుకునేవాడు. ఇక్కడ కొనేవాడు ధర మొత్తం తానే కట్టాడు, పైగా ఫోన్ ఆ ఆపరేటర్‌కే లాక్ అయి వచ్చింది. పేరులోనే 3జీ ఉన్న ఆ ఫోన్ చేతికి వచ్చేనాటికి మన దేశంలో 3జీ సేవే మొదలు కాలేదు. ప్రైవేటు కంపెనీలకు 3జీ స్పెక్ట్రమ్ వేలం జరిగింది 2010లో. అంటే కొన్నవారికి తక్కువ ధరా దక్కలేదు, వేగమూ దక్కలేదు, సిమ్ మార్చుకునే స్వేచ్ఛ కూడా పోయింది. అమ్మకాలు అనుకున్నంతగా లేకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

2012 నవంబరులో ఐఫోన్ 5 వచ్చేసరికి దాని తయారీ కంపెనీ ఆపిల్ దారి మార్చి, రెడింగ్టన్, ఇన్‌గ్రామ్ మైక్రో వంటి డిస్ట్రిబ్యూటర్ల ద్వారా మామూలు దుకాణాలకు సరుకు పంపింది. నా ఉద్దేశంలో మన దేశంలో ఖరీదైన ఫోన్ల వ్యాపారం నిజంగా పుంజుకున్నది ఆ మార్పుతోనే. మరుసటి ఏడాది రిలయన్స్ కమ్యూనికేషన్స్ ఐఫోన్ 5ఎస్, 5సీలను ముందుగా ఏమీ కట్టకుండానే 24 నెలల ఒప్పందంపై ఇచ్చింది. అది మీ పథకానికి దగ్గరి చుట్టం. కానీ దానికి క్రెడిట్ కార్డు ఉండాలి. గాజువాకలో మీ కౌంటర్‌కు వచ్చే కాంట్రాక్టు కార్మికుల్లో ఎంతమందికి కార్డు ఉందో మీకే బాగా తెలుసు.

ఇక్కడ ఈ పద్ధతి వేళ్లూనకపోవడానికి అసలు కారణం మన కనెక్షన్లలో అత్యధిక భాగం ప్రీపెయిడ్ కావడం. ఒప్పందం లేనివాడు రేపు రీచార్జి చేస్తాడో లేదో ఎవరికీ తెలియదు. దానికి తోడు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండానే నెట్‌వర్క్ మారే వీలు వచ్చింది. ఇంత సులువుగా వెళ్లిపోగల ఖాతాదారు మీద ఆపరేటర్ వేల రూపాయలు ముందుగా పెట్టడు. పెట్టినట్టు కనిపిస్తే, ఆ భారం ఇంకెవరి మీదనో ఉందని అర్థం. మీ పథకంలో అది కొన్నాళ్లపాటు మీ మీద ఉంది.

లెక్క మీరే చూడండి. ఫోన్‌కు 17,300 కట్టారు, కౌంటర్‌లో 2,000 వచ్చాయి, 15,300 బయట ఉన్నాయి. 20 ఫోన్లు అమ్మితే 3,06,000 రూపాయలు. మన బజారులో రూపాయిన్నర వడ్డీ వేసుకున్నా నెలకు 4,590, నెలన్నర ఆలస్యమైతే 6,885. ఫోన్‌కు 700 చొప్పున మీ మొత్తం లాభం 14,000. అందులో దాదాపు సగం వడ్డీకే పోతుంది, అదీ 20 ఫోన్లూ అమ్ముడయ్యాయనుకుంటే. అమ్ముడుపోనివి ఉండగా ఆన్‌లైన్ పండుగ సేల్‌లో అదే ఫోన్ 1,000 తగ్గితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

కాబట్టి జమ ఎన్ని రోజుల్లో పడుతుంది, ధర తగ్గితే మిగిలిన సరుకుకు ఆ తేడా ఇస్తారా, అమ్ముడుపోనివి వెనక్కి తీసుకుంటారా అనే మూడింటికీ ఈమెయిల్‌లోనైనా సరే రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి. ఇంకొక మాట. మన సర్కిల్ అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిసినది, పంపకాలు హైదరాబాదును చూసుకొని జరుగుతాయి. అందరూ అడిగే రంగు, ఎక్కువ మెమరీ ఉన్న మోడల్ అక్కడికి వెళ్లి, నిదానంగా కదిలే సరుకు మనకు రావడం కొత్త కాదు. 20లో ఏ మోడల్ ఎన్ని ఇస్తారో ముందే తేల్చుకోండి.


మధురవాడ నెట్‌వర్క్ ఇంజనీరు

పైన రాసినవారు డబ్బు సంగతి చక్కగా చెప్పారు. నెట్‌వర్క్ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఫోన్ పనిచేయకపోతే కొన్నవారు ముందుగా వచ్చేది ఆపరేటర్ దగ్గరకు కాదు, మీ కౌంటర్‌కే.

ప్రజాదరణ ఉన్న ఫోన్ అయినంత మాత్రాన అది మన ప్రాంతపు నెట్‌వర్క్‌కు సిద్ధంగా ఉందని అనుకోకూడదు. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ ప్రారంభమైనప్పుడు, 5జీ హార్డ్‌వేర్ ఉన్న ఐఫోన్లు సైతం వెంటనే ఇక్కడి 5జీని అందుకోలేకపోయాయి. డిసెంబరులో ఐఓఎస్ 16.2 అప్‌డేట్ వచ్చాకే అవి పనిచేశాయి. విశాఖలో 5జీ మొదలైనదీ ఆ డిసెంబరులోనే. ఫోన్ తయారీదారు, ఆపరేటర్ కలిసి పరీక్షించి, ఆ ఆపరేటర్‌కు సంబంధించిన సెట్టింగులను ఫోన్‌లోకి పంపితే తప్ప వోల్టీ (4జీ మీదే కాల్స్ మాట్లాడే సౌకర్యం), వైఫై కాలింగ్, 5జీ వంటివి తెరుచుకోవు. ఆపరేటర్ ద్వారా విడుదల కావడంలో ఉన్న నిజమైన మేలు ఇదే: ఆ ఒక్క నెట్‌వర్క్ వరకైనా పరీక్షలు పూర్తయి ఉంటాయి.

మీకు పాడేరు, నర్సీపట్నం నుంచి కొనేవారు ఉన్నారు కాబట్టి బ్యాండ్ల (ఆపరేటర్ సిగ్నల్ పంపే పౌనఃపున్యాల) సంగతి తప్పనిసరిగా చూడండి. నగరంలో 3,300 మెగాహెర్ట్జ్ పైనున్న 5జీ బ్యాండ్ బాగా వేగాన్నిస్తుంది గానీ దూరం పోదు, కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. ఘాట్ దాటాక పనికొచ్చేవి 700, 850, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యాలే. జియోకు 700, 850, ఎయిర్‌టెల్‌కు 900 ఉన్నాయి. బీఎస్ఎన్ఎల్ 4జీకి 700 కేటాయించారు. వేరే దేశపు మార్కెట్ కోసం చేసిన మోడల్‌లో ఇవన్నీ ఉంటాయన్న హామీ లేదు. ఆ ఆపరేటర్ వాడే తక్కువ బ్యాండ్ ఈ ఫోన్‌లో ఉందో లేదో పెట్టె మీద గాని కంపెనీ వెబ్‌సైట్‌లో గాని చూసుకోండి.

లాక్ గురించి ఎవరూ చెప్పని విషయం ఒకటి ఉంది. సిమ్ లాక్ అనేది సిమ్‌లోని గుర్తింపు సంఖ్య మొదటి అంకెలను చూస్తుంది. మొదటి మూడు అంకెలు దేశానివి, మనకు 404, 405. తరువాతి అంకెలు ఆపరేటర్‌వి, అవి ఒక్కో సర్కిల్‌కు ఒక్కోలా ఉంటాయి. లాక్ జాబితాలో ఆ ఆపరేటర్ సర్కిళ్లన్నింటి సంఖ్యలూ చేర్చి ఉంటే ఇబ్బంది లేదు. మన సర్కిల్ సంఖ్య మాత్రమే పెట్టి ఉంటే, అరకు దాటి కోరాపుట్‌లో ఉద్యోగం వచ్చి ఒడిశా సర్కిల్ సిమ్ తీసుకున్న కుర్రవాడి ఫోన్, అదే కంపెనీ సిమ్ వేసినా ఒప్పుకోదు. రోమింగ్‌లో వెళితే ఏమీ కాదు, సిమ్ మారితేనే సమస్య. ఈ ప్రశ్నకు డిస్ట్రిబ్యూటర్ దగ్గర సమాధానం ఉండకపోవచ్చు, సర్కిల్ సాంకేతిక విభాగాన్ని అడిగి చెప్పమనండి.

సరుకు తీసుకునే ముందు ఒక డెమో ఫోన్ అడిగి తీసుకోండి. దాన్ని చేతిలో పట్టుకొని గాజువాక, స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్, పాడేరు ఘాట్ మూడు చోట్లా చూడండి. కాల్ మాట్లాడుతుండగా నెట్ నడుస్తోందా, పైన వోల్టీ గుర్తు నిలబడుతోందా, సిగ్నల్ పోయి వచ్చాక ఫోన్ తనంతట తానే 4జీకి చేరుతోందా లేక విమానం గుర్తు నొక్కి తీయవలసి వస్తోందా అన్నది గమనించండి. ఈ చివరిదే కొనేవారిని ఎక్కువగా విసిగించేది. అలాగే తెలుగు అక్షరాలు చూడండి. 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లు భారతీయ భాషల లిపులను చూపించగలగాలన్న నిబంధన ఉంది, అయినా మెసేజిల్లో "స్వాతంత్ర్యం", "రాష్ట్రం" వంటి మాటల్లో వత్తులు విడిపోకుండా వస్తున్నాయో లేదో కళ్లారా చూడడం మంచిది. *#06# నొక్కితే ఐఎంఇఐ (ప్రతి ఫోన్‌కూ ఉండే గుర్తింపు సంఖ్య) వస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, ఆ సంఖ్యను రాసి 14422కు మెసేజి పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి. అవి పెట్టె మీది వివరాలతో సరిపోవాలి.


శ్రీకాకుళం మొబైల్ వ్యాపారి

పెద్దలు చెప్పినవాటితో ఏకీభవిస్తూనే, రెండో వైపు కూడా చెప్పడం అవసరమనిపించి రాస్తున్నాను. ఆపరేటర్ ఫోన్లన్నీ విఫలమయ్యాయని అనడం సరికాదు. 2017లో జియోఫోన్ వచ్చినప్పుడు, 1,500 రూపాయలు తిరిగి ఇచ్చే డిపాజిట్‌గా తీసుకొని ఫోన్ ఇచ్చారు. స్మార్ట్‌ఫోన్ కొనలేనివారు, పల్లెల్లో వయసు మళ్లినవారు మొదటిసారి ఇంటర్నెట్ చూసింది దానిలోనే. ఆ ఫోన్ వేరే నెట్‌వర్క్‌లో పనిచేయకపోయినా ఎవరూ బాధపడలేదు, ఎందుకంటే కట్టినది తక్కువ, కావలసినది దొరికింది.

అయితే 2021 దీపావళికి వచ్చిన జియోఫోన్ నెక్స్ట్ విషయం వేరు. దాని ధర 6,499 రూపాయలు, లేదా 1,999 కట్టి మిగతాది వాయిదాల్లో. ఆ ధరకు అటూ ఇటూగా ఏ లాకూ లేని ఫోన్లు కౌంటర్‌లో పక్కనే ఉన్నప్పుడు కొనేవాడు పోల్చి చూస్తాడు. నా అనుభవంలో ఆపరేటర్ ఫోన్ నడవాలంటే దానికి పక్కన పోటీ ఉండకూడదు, లేదా ధరలో తేడా కొట్టొచ్చినట్టు ఉండాలి. 18,000 ధరలో మీ కౌంటర్ మీద ఎన్ని ఫోన్లు ఉన్నాయో లెక్కపెట్టుకోండి. వాటన్నింటికీ ఫైనాన్స్ కంపెనీల వాయిదాలు కూడా ఉన్నాయి. కొనేవారు ఇక్కడ కట్టేది 2,000 మాత్రమే అన్న ఒక్క సౌకర్యం రెండేళ్ల లాక్‌కు సరిపడుతుందా అన్నదే ప్రశ్న. సరిపడుతుందనుకుంటే తీసుకోండి, భయపడి మంచి అవకాశం వదులుకోవద్దు.


సీతమ్మధార వాసి

నేను వ్యాపారిని కాను, కొనేవాడిని. మా ఇంట్లో అందరి ఫోన్లలోనూ రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని తాకిన తరువాత కొన్ని రోజులపాటు సిగ్నళ్లు సరిగా లేనప్పుడు, ఏ నెట్‌వర్క్ ముందు తిరిగి వస్తే ఆ సిమ్ వేసుకొని బంధువులకు క్షేమ సమాచారం చెప్పుకున్నాము. ఆ తరువాత ఒకే కంపెనీ మీద ఆధారపడటం మానేశాము. విశాఖలో ఇలా ఆలోచించే కుటుంబాలు చాలా ఉంటాయి. రెండో సిమ్ గూడు కూడా లాక్ చేస్తారా, లేక మొదటిదానికే లాక్ ఉంటుందా అన్నది దయచేసి అడగండి. రెండోది ఖాళీగా వదిలితే నేనే కొనడానికి ఆలోచిస్తాను, వదలకపోతే ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోను.


ఎంవీపీ కాలనీ, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రంగం

విశాఖలో చదువుకొని, అమెరికాలో ప్రాంతీయ టెలికాం ఆపరేటర్ల బిల్లింగ్ పనులు కొంతకాలం చూసి వచ్చాను కాబట్టి అక్కడి చిన్న మార్కెట్ల సంగతి చెప్తాను. మన చర్చకు అది నేరుగా పనికొస్తుంది.

2011 అక్టోబరు 14న ఐఫోన్ 4ఎస్ అమెరికాలో విడుదలైనప్పుడు దాన్ని అమ్మినది మూడు పెద్ద ఆపరేటర్లే. నెల తిరగకుండానే, నవంబరు 11న, మిసిసిపీ రాష్ట్రంలోని రిడ్జ్‌లాండ్ కేంద్రంగా నడిచే సీ స్పైర్ అనే ప్రాంతీయ ఆపరేటర్ కూడా అమ్మడం మొదలుపెట్టింది. పెద్ద నగరాలు లేని ప్రాంతానికి అది గొప్ప వార్తే. ఆ ఫోన్ కోసం తమ ఖాతాదారులు పెద్ద ఆపరేటర్ల దగ్గరకు వెళ్లిపోతున్నారన్నది చిన్న ఆపరేటర్ల అసలు బాధ. ఫోన్ అమ్మి సంపాదించడం కోసం కాక, ఉన్నవారు చేజారకుండా ఉండడం కోసం వారు ఆ ఫోన్‌ను కోరుకున్నారు.

దానికి చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. తయారీ కంపెనీ ఆపరేటర్ల దగ్గర కనీస కొనుగోలు హామీ తీసుకునేది. ఆ మూడు పెద్ద ఆపరేటర్లలో ఒకటైన స్ప్రింట్ నాలుగేళ్లలో 3 కోట్ల 5 లక్షల ఐఫోన్లు, అంటే 1,550 కోట్ల డాలర్ల విలువైనవి, కొంటానని ఒప్పుకుంది. క్రికెట్ పేరుతో ప్రీపెయిడ్ సేవలు నడిపిన లీప్ సంస్థ మూడేళ్లకు 90 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. క్రికెట్ 2012 జూన్‌లో అమ్మకాలు మొదలుపెట్టింది, 16 జీబీ ఐఫోన్ 4ఎస్‌కు 499 డాలర్లు పెట్టింది. ప్రీపెయిడ్ కాబట్టి ఒప్పందం లేదు, కాబట్టి ధర పెద్దగా తగ్గించలేదు. ఆ ధరకు క్రికెట్ ఖాతాదారులు ముందుకు రాలేదు. మొదటి ఏడాది హామీలో సుమారు సగమే కొనగలిగేలా ఉన్నామని ఆ సంస్థే మరుసటి ఏడాది చెప్పుకోవలసి వచ్చింది. యూఎస్ సెల్యులర్ అనే మరో ప్రాంతీయ సంస్థ 2011లో లెక్క కుదరడం లేదని ఆ ఫోన్‌నే వద్దనుకుంది, 2013లో గాని అమ్మకానికి తీసుకోలేదు. రెండేళ్లు ఖాతాదారులను పోగొట్టుకున్న తరువాత తీసుకున్న నిర్ణయం అది. తీసుకున్నా కష్టమే, తీసుకోకపోయినా కష్టమే అన్న పరిస్థితిలో చిన్న ఆపరేటర్లు ఉండేవారు.

దీన్ని మీ దుకాణానికి ఎందుకు అన్వయిస్తున్నానంటే, తయారీ కంపెనీకి ఇన్ని ఫోన్లు కొంటానని మాట ఇచ్చిన ఆపరేటర్, ఆ సంఖ్యను చేరుకోవడానికి సరుకును కిందికి తోస్తాడు. మీ డిస్ట్రిబ్యూటర్‌కు అలాంటి లక్ష్యం ఉందో లేదో మీకు చెప్పరు. నెలాఖరులో, మూడు నెలల లెక్కలు ముగిసే సమయంలో ఒత్తిడి పెరిగితే మాత్రం, అది మీ ఊరి గిరాకీని చూసి వచ్చిన ఒత్తిడి కాదని అర్థం చేసుకోవచ్చు. షరతులు మీకు అనుకూలంగా మార్చుకునే అవకాశం కూడా అప్పుడే ఉంటుంది.

"మన ఊళ్లో మొదట విడుదల" అన్న ప్రచారానికి కూడా ఎక్కువ విలువ ఇవ్వకండి. 2015 ఆగస్టు 10న షావోమీ రెడ్‌మీ 2 ప్రైమ్‌ను మన విశాఖలోనే ఆవిష్కరించింది. శ్రీసిటీలో తయారైన ఫోన్ కావడంతో ముఖ్యమంత్రి కూడా హాజరయ్యారు. ధర 6,999. ఆవిష్కరణ ఇక్కడ జరిగినా అమ్మకాలు ప్రధానంగా ఆన్‌లైన్‌లోనే సాగాయి.


గాజువాక దుకాణదారు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఇంజనీరు గారు చెప్పిన సర్కిల్ సంఖ్య విషయం డిస్ట్రిబ్యూటర్‌కు నిజంగానే తెలియదు, కనుక్కొని చెప్తామన్నారు. రెండో సిమ్ గూడు గురించి అడిగితే, మొదటి సిమ్‌గా వారి సిమ్ ఉన్నంతకాలం రెండోదానిలో ఏ సిమ్ అయినా పనిచేస్తుందని చెప్పారు. నోటిమాటగా చెప్పినదే, కాగితం అడిగాను.

ఒక సందేహం మిగిలింది. కొనేవారికి 18,000 రూపాయల బిల్లు నా దుకాణం పేరుతోనే ఇవ్వాలట. చేతికి 2,000 మాత్రమే వస్తే జీఎస్టీ మొత్తం నేను ముందే కట్టవలసి ఉంటుందా? ధర తగ్గితే తేడాను క్రెడిట్ నోట్ (ఆ మేరకు మా లెక్కలో తగ్గిస్తున్నట్టు ఇచ్చే పత్రం) రూపంలో ఇస్తామంటున్నారు, దానిలో చూసుకోవలసినది ఏమైనా ఉందా? ఒప్పందం మధ్యలో కొనేవారు నంబరు పోర్ట్ చేసుకుంటే (అదే నంబరుతో వేరే నెట్‌వర్క్‌కు మారితే) నాకేమైనా బాధ్యత ఉంటుందా?


ద్వారకానగర్ పన్నుల సలహాదారు

మొబైల్ ఫోన్ల మీద 2020 ఏప్రిల్ 1 నుంచి జీఎస్టీ 18 శాతం. 18,000లో పన్ను 2,746 రూపాయలు. బిల్లు మీ పేరుతో ఇచ్చారు కాబట్టి, డబ్బు పూర్తిగా చేతికి వచ్చినా రాకపోయినా ఆ నెల రిటర్నులో అమ్మకం మొత్తాన్నీ చూపాలి. అయితే మీరు కొన్నప్పుడు కట్టిన పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా (కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకునే మొత్తంగా) ఉంటుంది కాబట్టి, మీ జేబులోంచి అదనంగా పోయేది 700 లాభం మీది పన్నే, సుమారు 107 రూపాయలు. డిస్ట్రిబ్యూటర్ తన ఇన్‌వాయిస్‌ను సమయానికి అప్‌లోడ్ చేయకపోతే మాత్రం ఆ క్రెడిట్ మీకు ఆ నెలలో కనిపించదు, అప్పుడు 2,746 మొత్తం మీరే కట్టి ఆగవలసి వస్తుంది. నెలాఖరులో దింపే సరుకుతో ఈ ఇబ్బంది ఎక్కువ. ఇన్‌వాయిస్ మీ జీఎస్టీ పోర్టల్‌లో కనిపించాకే అమ్మకాలు ప్రారంభించండి.

క్రెడిట్ నోట్ జీఎస్టీతో ఇస్తారా, జీఎస్టీ లేకుండా ఇస్తారా అన్నది తప్పక అడగండి. జీఎస్టీతో కూడిన 1,000 రూపాయల నోట్ వస్తే, అందులో సుమారు 153 రూపాయల మేరకు మీరు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలి. జీఎస్టీ లేని నోట్ అయితే ఆ పని ఉండదు. రెండింటినీ కలిపి ఖాతాల్లో రాసేసి, తరువాత నోటీసులకు సమాధానం చెప్పుకొనే దుకాణాలను చూస్తూనే ఉన్నాము. ఇన్‌వాయిస్ నంబర్లతో సహా నోట్ ఇమ్మని పట్టుబట్టండి.

పోర్టింగ్ విషయానికి వస్తే, ఏ నంబరైనా 90 రోజులు ఆ నెట్‌వర్క్‌లో ఉండాలి, పోస్ట్‌పెయిడ్ బాకీలు ఉండకూడదు, నిష్క్రమణ షరతు ఉన్న ఒప్పందమైతే ఆ షరతు నెరవేర్చి ఉండాలి. కాబట్టి బాకీ తేల్చకుండా పోర్ట్ కావడం సులువు కాదు. మీకు బాధ్యత ఉంటుందా అన్నది మీ ఒప్పందంలోని భాషను బట్టి ఉంటుంది. కొనేవారు వాయిదాలు కట్టకపోతే దుకాణదారు కమీషన్ వెనక్కి తీసుకునే షరతు కొన్ని ఒప్పందాల్లో కనిపిస్తుంది. అది ఉంటే, ఎన్ని నెలల వరకు అన్న పరిమితి రాయించుకోకుండా సంతకం చేయవద్దు.


గాజువాక దుకాణదారు

డిస్ట్రిబ్యూటర్ నుంచి ఈమెయిల్ వచ్చింది. ధర తగ్గితే అమ్ముడుపోని ఫోన్లకు తేడా ఇస్తారు, నోట్ జీఎస్టీతో కూడినదే. జమకు 21 రోజుల గడువు రాసి ఇచ్చారు. అమ్ముడుపోనివి వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు, సర్కిల్ సంఖ్యలపై సమాధానం ఇంకా రాలేదు. అందుకని 20 తీసుకోనని, ముందుగా పేరు రాసి అడ్వాన్సు ఇచ్చినవారి కోసమే తెప్పిస్తానని చెప్పాను, దానికి ఒప్పుకున్నారు. ఒడిశా వైపు రాకపోకలు ఉన్నవారికి సంఖ్యల సంగతి తేలేవరకు ఈ ఫోన్ అమ్మను. డెమో ఫోన్ ఈ వారం చేతికి వస్తుంది, ఆదివారం మా అబ్బాయి పాడేరు తీసుకువెళ్తాడు. ఘాట్ మీద సిగ్నల్ పోయి వచ్చాక ఫోన్ తనంతట తానే 4జీకి చేరుతోందో లేదో చూసి, ఫలితం ఇక్కడే రాస్తాను.